ఏడు పళ్లేలు

లీలమ్మ గిన్నెలో జెల్లీ పొడి మరగబెడుతోంది. పొంగితే సారుకి కోపం, అడుగంటితే ఇంకా కోపం. అందుకని గరిటె ఆపకుండా తిప్పుతోంది. ఉదయం ఏడున్నర. కాశీబుగ్గ దాటాక హైవే పక్కన పొలాల్లో లేచిన ఆ ఇంజనీరింగు కాలేజీలో ఇంకా ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టలేదు. కంప్యూటర్ల గదిని ఆనుకున్న ఈ చిన్న గదిలో పొయ్యి, గిన్నె, వరసగా బోర్లించిన గాజు పళ్లేలు చూసి కొత్తవాళ్లు వంటిల్లనుకుంటారు. వండేది మనుషులకు కాదు, బూజుకి.

నలభై నాలుగేళ్ల మనిషి. మొహం పొద్దున్నే ఉబ్బి ఉంటుంది, పాదాలు సాయంత్రానికి ఉబ్బుతాయి. వేళ్లు నల్లగా, కొసలు గాజుపెంకులా నున్నగా ఉంటాయి. పలాసలో ఇరవయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులవి. వేలిముద్రలు జీడి తినేసింది. మొగుడు యేసుదాసుని కిడ్నీలు తినేశాయి. వాళ్ల పల్లె ఉద్దానంలో, సముద్రానికి మైలు దూరం. అక్కడ ఇద్దరు మనుషులు కలిస్తే అన్నం తిన్నావా అని అడగరు, కిడ్నీ పరీక్షలో కిరాటిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. ఒకటి దాటితేనే జబ్బు. లీలమ్మకి పోయిన నెల ఆరొచ్చింది.

సారు పేరు ఢిల్లేశ్వరరావు. టెక్కలి మనిషి. కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు కోసం ఆరేళ్లుగా పడరాని పాట్లు పడుతున్నాడు. ఆయన పరిశోధన ఇది: మెదడూ నరాలూ లేని పసుపుపచ్చ బూజు ఒకటుంది. నాలుగు చోట్ల మేత పెడితే రాత్రికి రాత్రి కాళ్లు చాపి, అన్నిటినీ కలుపుతూ దగ్గర దారి వెతుక్కుంటుంది. కంప్యూటరు గంటలు కూర్చుని వేసే లెక్కని ఈ బురదలాంటి జీవి ఎలా వేస్తోందో పట్టుకుంటే కొత్తరకం కంప్యూటరు కట్టొచ్చట. విదేశాల నుంచి బూజు తెప్పించుకోవడానికి రెండేళ్లు ఉత్తరాలు రాశాడు, రాలేదు. గది ఊడవడానికి వచ్చిన లీలమ్మ బల్లమీది బొమ్మ చూసి, “ఇదేటి సారూ, తుఫానుకి పడిపోయిన మా కొబ్బరి మొద్దుల మీద వానాకాలం పాకతాది గదా” అంది. మర్నాడు అరటాకులో చుట్టి తెచ్చింది.

పుస్తకాల్లో దానికి ఓట్సు పెట్టమని ఉంది. ఓట్సు విశాఖపట్నం నుంచి రావాలి. లీలమ్మ రాగిపిండి, వాళ్ల మాటలో చోడిపిండి, ముద్దలు చేసి పెట్టింది. బూజు పండగ చేసుకుంది. సారు అచ్చేసిన వ్యాసంలో మాత్రం ఓట్సనే ఉంది. చివర కృతజ్ఞతలు భార్యకి, యాజమాన్యానికి, వెంకటేశ్వరస్వామికి. సొమ్మొకడిది, సోకొకడిది.

అదికాదు అసలు కడుపుమంట. జిల్లా మ్యాపు గీసి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, శ్రీకాకుళం ఉన్నచోట ముద్దలు పెట్టారు. బూజు హైవేని గీయాలని సారు ఆశ. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నలభై పళ్లేల్లో పదకొండే హైవే గీశాయి. మిగతావి నేరుగా ఉద్దానంలోకి దిగి, ఇసుకనేలల మీదుగా పోయాయి. సారు ఆ పదకొండింటికే ఫొటోలు తీశాడు.

“మా ఊరి మీంచి ఎల్తే తప్పా సారూ?” అంది లీలమ్మ.

“మీ ఊరు నా మ్యాపులో లేదు లీలమ్మా. కడిగెయ్.”

ఇరవై తొమ్మిది పళ్లేలు కడిగింది.

ఆ వేసవిలోనే కాలేజీ బోరు ఎండిపోయింది. రెండ్రోజులు లీలమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న నీటితోనే చోడిముద్దలు తడిపింది. బూజు ముద్ద దాకా వచ్చి, ఆగి, పక్కకి తిరిగిపోయింది. చోడిపిండి పుచ్చిందేమోనని కొత్తది తెచ్చింది. అదే తంతు. అప్పుడామె కింద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. బడి ముఖం ఐదో తరగతి దాకా చూసిన మనిషి, బైబిలు చదివే పాటి తెలుగు వచ్చిన మనిషి, ఇలా చేసింది: పళ్లెం మధ్యలో బూజు, ఒక పక్క మళ్లీ వస్తున్న కాలేజీ బోరు నీటి ముద్ద, ఇంకో పక్క తన పల్లె నూతినీటి ముద్ద. ఒకే పిండి, ఒకే తూకం. బూజుకి వెలుతురు పడదని ఆమెకి తెలుసు. అందుకని కిటికీవైపు ఒకసారి ఈ ముద్ద, ఒకసారి ఆ ముద్ద ఉండేలా పళ్లేలు తిప్పి పెట్టింది. ఏడు పళ్లేలు. ఆరింట్లో బూజు నూతినీటి ముద్దని తాకలేదు. ఏడోదాంట్లో రెంటినీ తింది. ఆ ఏడోదాన్ని కూడా లీలమ్మ పారేయలేదు. పక్కనే పెట్టింది.

ఇవాళ్టికి మూడుసార్లు సారుని అడిగింది, ఒక్కసారి చూడమని. ఇవాళ కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. ఎవరిగొడవ వారిది.

కమిటీ పన్నెండింటికి వచ్చింది. ఢిల్లేశ్వరరావు సూటు వేసుకుని, చెమటలు కక్కుతూ, హైవే గీసిన పళ్లెం చూపించాడు. తెల్లజుట్టు పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, “దీనికి మేతేమిటండీ?” అన్నాడు.

“ఓట్సండి.”

“సోడిపిండండీ” అంది తలుపు దగ్గర నుంచి లీలమ్మ. నోరు జారలేదు. కావాలనే అంది.

అందరూ నవ్వారు. సారూ నవ్వాడు, పళ్లు మాత్రమే. పెద్దాయన కళ్లు కిటికీ కింది అరమీద వరసగా ఉన్న ఏడు పళ్లేల మీద పడ్డాయి. “అవేమిటి?”

“పాడైనవండి” అన్నాడు ఢిల్లేశ్వరరావు. కమిటీ భోజనానికి వెళ్లింది.

భోజనాలయ్యాక సారు ఒక్కడే వచ్చాడు. “పరువు తీశావు గదా” అన్నాడు. “ఆ చెత్త ముందు తీసి పారెయ్.”

“సెత్త కాదు సారూ. ఒక్కసారి సూడండి. మా నూతినీరు దీనికి గిట్టట్లేదు. ఎందుకో మీరు సదువుకున్నోరు, సెప్పండి.”

“నాది కంప్యూటరు లీలమ్మా. నీళ్లు కెమిస్ట్రీవాళ్లవి, రోగాలు డాక్టర్లవి. ఉప్పు ఎక్కువై ఉంటుంది. బూజు మాటకి విలువేమిటి?”

“దారి సెప్తే ఇలువుంది, నీరు సెప్తే లేదా?” లీలమ్మ గొంతు ఆ గదిలో అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. “మా ఈదిలో పదకొండు కొంపల్లో ఆరు కొంపలకి మొగోడు లేడు. ఉప్పే అయితే ఉప్పనే సెప్పండి, ఏదో ఒకటి సెప్పండి. నా పళ్లెం తప్పయితే తప్పని రాయండి. సూడకుండా కడిగెయ్యమంటే నాను కడగను. ఇన్నాళ్లూ కడిగినాను, సాలు.”

ఢిల్లేశ్వరరావు చెడ్డవాడు కాడు. తన డాక్టరేటు తప్ప ఏదీ కనపడని వాడు. అలాంటివాడు చెడ్డవాడికంటే ఏం నయమో చెప్పడం కష్టం. “ఆ నీళ్లలో ఏముంటుంది, నీళ్లుంటాయి” అని, పళ్లేలు ఏడూ తనే తీసుకెళ్లి తొట్టిలో బోర్లించి, కుళాయి విప్పాడు. జెల్లీ ముక్కలైంది. పసుపు గీతలు నీళ్లలో కలిసిపోయాయి.

లీలమ్మ చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు, వస్తే బావుండేది. సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. ఎనిమిదో పళ్లేనికని పొద్దున నూతిలో తోడి తెచ్చుకున్నది. కాగితప్పట్టీ మీద ఏదో రాసి, సీసాకి అంటించి, సారు బల్లమీద పెట్టింది.

“నాను రేపట్నుంచి రాను సారూ. ఆ బూజుకి పూటకోసారి తడి పెట్టండి. లేపోతే సస్తాది.”

ఉబ్బిన పాదాలు చెప్పుల్లో దూరకపోతే చెప్పులు చేత్తో పట్టుకుని హైవే దాకా నడిచి, బస్సెక్కింది.

పద్దెనిమిదో రోజున అటెండరు పోలారావు గది తుడుస్తూ చెప్పాడు, “లీలమ్మ పోనాదండి. ఆదివారం. విశాపట్నం తీసుకెల్దామన్నారట, ఆవిడే వద్దందట. యేసు గుడి ఎనకాల పూడ్సినారు.”

“అయ్యో” అన్నాడు ఢిల్లేశ్వరరావు. నిజంగానే అన్నాడు. తర్వాత, “బూజు చూసుకునే మనిషెవరైనా దొరుకుతారా?” అన్నాడు. బూజు అప్పటికే ఎండి గోధుమరంగు పెచ్చులు కట్టింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. డ్రమ్ములో చుక్క నీరు లేదు. గొంతెండి, కాగితాల వెనక చెయ్యి పెడితే ఒక సీసా తగిలింది. మూత తిప్పి, తలెత్తి, నోటి దాకా తెచ్చుకున్నాడు. అప్పుడు పట్టీ కంటబడింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా దించి, మూత రెండుసార్లు బిగించి, చొక్కాకి చేతులు తుడుచుకుని, హైవే మీది కొట్టునుంచి కొన్న నీళ్లు తెమ్మని పోలారావుని పంపాడు.

సీసా కిటికీలో పెట్టాడు. నిండుగానే ఉంది, మెడ దాకా, తేటగా. దాని మీద వంకరటింకర అక్షరాలు: మా నూతి నీరు, పోసి చూడవలెను.