ఊడ్చిన వాకిలి

ట్రక్కు దిగీ దిగకముందే కెప్టెన్ అన్నాడు: "అమ్మా, ఆ ఖాళీ ఇంటి వంటింట్లో స్టవ్వుందట. అందరికీ కాస్త టీ పెట్టెయ్."

రెండు దేశాలు దాటి, నెత్తిన హెల్మెట్టుతో, మందుపాతరలు వెతికే విద్య నేర్చుకుని వచ్చినా, టీ గిన్నె తనకంటే ముందే వచ్చి కూర్చుందన్నమాట. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టేనని మింగేసింది. రేపు దళానికి ముందు నడిచేదెవరో ఈ సాయంత్రమే తేలుతుంది. ఒక్కసారి ఆ గిన్నె పట్టుకుందా, తిరిగి ఇంటికెళ్ళేదాకా అది చేతినొదలదు.

వీధిలో నరపురుగు లేదు. మేడమీద తీగకు చంటిపిల్ల గౌను వెలిసిపోయి వేలాడుతోంది. ఎదురింటి కిటికీ తెర కదిలింది; గాలి మాత్రం లేదు. దారిపక్కన కొత్త బంతి ఒకటి, ఎవరైనా తన్నకపోతారా అన్నట్టు కూర్చుంది. దేన్నీ నమ్మబుద్ధి కాలేదు. 'నువ్వు పెట్టనిది ముట్టుకోకు, ముద్దుగా కనిపించేదాని జోలికి అసలే పోకు' అని శిక్షణలో చెబితే మగవాళ్ళంతా శ్రద్ధగా రాసుకున్నారు. ఆమెకు ఆ అవసరం రాలేదు. అత్తగారింట్లో కాలుపెట్టిన వారంలోనే కంఠతా వచ్చేసింది. "నీ ఇల్లే అనుకోమ్మా" అని అత్తగారు నవ్విన పూటే తను పాలగిన్నె చోటు మార్చింది. ఆ పాపానికి ఇంటిల్లిపాదీ మూతులు బిగించుకున్నారు. "మా అమ్మ నిన్నేమైనా అందా?" అన్నాడు భర్త. నిజమే, అనలేదు. పేలేవేవీ ముందు చప్పుడు చెయ్యవు. ఆమె బయల్దేరేటప్పుడూ అతనిది అదే ధోరణి: "నీకెందుకు గొప్పలు? అక్కడ మగాళ్ళుంటారుగా, వాళ్ళ వెనకాల నడు."

ఈ రాత్రికి దళం మకాం ఆ ఖాళీ ఇంట్లోనే. గుమ్మం చేరాలంటే వాకిలి దాటాలి. చుట్టూ ఎండుటాకులు, పగిలిన పెంకులు, దుమ్ము. వాకిలి మాత్రం అప్పుడే ఊడ్చినట్టుంది. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయినవాళ్ళు చీపురు పట్టుకున్నారా? ఇన్నేళ్ళుగా వాకిళ్ళు ఊడ్చిన చేతులకు తెలుసు, అది తవ్విన జాడ చెరిపిన ఊడుపని.

"ఏమ్మా, టీ?"

"టీకి ముందు దారి కావాలి సార్. డిటెక్టర్ ఇటివ్వండి."

"నువ్వెందుకు? మన పొడుగాయన వెళ్తాడులే."

పొడుగాయన అప్పటికే కాలెత్తాడు.

"అన్నా, కాలు వెనక్కి!"

ఆ గొంతు ఆమెకే కొత్త. ఇంట్లో ఎన్నడూ వాడింది కాదు. పొడుగాయన కొంగలా ఒంటికాలిమీద నిలబడిపోయాడు.

డిటెక్టర్ అందుకుని అంగుళం అంగుళం కదిలింది. వాకిలి నడుమ అది కీచుమంది. అక్కడ ఎర్ర జెండా గుచ్చి, పక్కనుంచి చుట్టు తిరిగి గుమ్మం చేరి, వంటింటిదాకా వెతికి, మళ్ళీ గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడు... మేమెలా రావాలి?" కెప్టెన్ 'అమ్మా' అనడం మర్చిపోయాడు.

"నా అడుగులోనే అడుగు వెయ్యండి. పక్కన పెట్టారో, నాకు తెలీదు."

వరసగా వస్తున్నారు అందరూ, తలలు దించుకుని, కొత్తకోడళ్ళలా, ఆచితూచి. ముందు కెప్టెన్. ఆమె పక్కకి జరిగి అతనికి దారిచ్చింది.

"స్టవ్వు అదిగో సార్. రేపూ ముందు నడిచేది నేనే కదా, నాది కాస్త స్ట్రాంగ్‌గా పెట్టండి."