ముసలి చెట్టుకి వచ్చిన వయసు

అంటు మొక్కల వ్యాపారంలో తల నెరిసిన ఆ పెద్దాయనకు రెండు విషయాల్లో తిరుగులేదు. ఒకటి కత్తి పనితనం, రెండోది నోటి పనితనం. అరవై ఎనిమిదో ఏట మొదటిది మొరాయించడంతో రెండోదానికి పని పెరిగింది.

ఆ ఏడు ఆయన కట్టిన అంట్లలో సగానికి పైగా మాడిపోయాయి. చచ్చిన మొక్కలను కూతురు వరసలోంచి తీసి పక్కన పడేస్తుంటే ఆయన ఎండను తిట్టాడు, నీళ్లను తిట్టాడు, అంటు చుట్టూ బిగించే ప్లాస్టిక్ పట్టీ నాసిరకమని తిట్టాడు. తన చేతి వణుకు ఊసు మాత్రం ఎత్తలేదు.

"నాన్నా, ఇక కత్తి నాకిచ్చెయ్. నువ్వు వచ్చినవాళ్లతో మాట్లాడు చాలు," అంది కూతురు. మెల్లగానే అంది. మెల్లగా అనడం వల్లే ఆయనకు ఇంకా మండింది.

కత్తి చేతిలో లేకపోతే తను వచ్చేపోయేవాళ్లను "రండి, రండి" అని పలకరించే ముసలాయన, అంతే. అందుకే పెరటి గోడవారనున్న బత్తాయి చెట్టును సాక్ష్యానికి పిలిచాడు.

"దాని వయసెంతనుకున్నావ్? నీకంటే పెద్దది. తోటల్లోవాళ్లు పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో కాపు తగ్గిందని పీకేస్తారు గానీ, బాగా చూసుకుంటే ఈ జాతి యాభై ఏళ్లు కూడా కాస్తుంది. ఇది చూడు, ఈ వయసులో ఎలా లేస్తోందో!"

నిజంగానే లేస్తోంది. మూడేళ్లుగా ఆ చెట్టు వెనకవైపు నుంచి ఒక కొమ్మ గోడ దాటి, మేడమెట్లు దాటి పైకి పోతోంది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఆయన రోజూ దాన్ని తలెత్తి చూసి, ఆ తర్వాత తన ఛాతీ కూడా కాస్త ముందుకు పొడుచుకొచ్చినట్టు భావించుకునేవాడు. దానికి ఎండ తగలాలని ముందువైపున్న పాత కొమ్మలను ఒక్కొక్కటే నరికేశాడు. బలమంతా దానికే పోనీ అని ఎరువు కూడా ఆ పక్కనే వేశాడు.

"దీనికి ముళ్లేంటండీ ఇన్ని? మన చెట్టుకి ఇలా ఉండేవి కావే," అని భార్య అడిగింది ఒకసారి, బట్టలారేస్తూ చెయ్యి గీరుకున్నాక.

"వయసు పొగరే, పొగరు," అన్నాడాయన మురిసిపోతూ.

ఆ ఏడు ఆ కొమ్మ మొదటిసారి కాసింది. కళ్లజోడు పెట్టుకుంటే ముసలితనం బయటపడుతుందని పెట్టుకోని మనిషికి ఎత్తున వేలాడే కాయలు గుండ్రంగా, పచ్చగా, అందంగానే కనిపించాయి.

"పండు తిని మాట్లాడు," అని కూతురితో పందెం వేశాడు. "తియ్యగా ఉంటే కత్తి నా దగ్గరే. మళ్లీ అడగకూడదు."

"పుల్లగా ఉంటే?"

"ఉంటే అప్పుడు చూద్దాం," అన్నాడు, ఉండదన్న ధీమాతో.

ఆదివారం పొద్దున నలుగురూ చెట్టు కింద చేరారు. నాలుగో మనిషి పక్కింటి టైలరు. సాక్షి ఉంటే గెలుపు గట్టిగా ఉంటుందని పెద్దాయనే పిలిచాడు. కూతురు నిచ్చెనెక్కి కాయలు కోసింది. చేతిలోకి తీసుకోగానే ఒకసారి తండ్రి ముఖంలోకి చూసి నిచ్చెన దిగింది. తొక్క గరుకుగా, గడ్డలు కట్టి ఉంది. భార్య కోసి తలా ఒక ముక్క ఇచ్చింది.

టైలరు మర్యాదస్తుడు. కళ్లు గట్టిగా మూసుకుని, "బాగుందండీ, అదో రకంగా బాగుంది," అన్నాడు. భార్య ఆపాటి మర్యాద పాటించకుండా ఉమ్మేసింది. పెద్దాయన నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ పులుపు ఆయనకు కొత్త కాదు. అది అడవి నిమ్మ. వేరు గట్టిగా ఉంటుందని తనే అడుగు మొక్కగా పెట్టి, దాని మీద బత్తాయి అంటు కట్టే అడవి నిమ్మ.

జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చెట్టు వెనక తనే పేర్చిన ఖాళీ కుండీలను పక్కకు లాగాడు. కొమ్మ ఎక్కడ పుట్టిందో కనిపించింది. అంటు అతుకుకు జానెడు కింద, అడవి నిమ్మ కాండంలోంచి.

అంటు కింద చిగురొస్తే కనికరం లేకుండా గిల్లెయ్యాలని, వదిలేస్తే అది పై చెట్టును మింగేస్తుందని కొన్నవాళ్లందరికీ వేలు ఆడించి మరీ చెప్పేవాడు తను. వినకుండా మొక్క పాడుచేసుకుని వచ్చినవాళ్లను "కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా" అని నలుగురిలో కడిగేసేవాడు. ఇప్పుడు అదే మాట తనను ఎవరైనా అంటే బాగుండుననిపించింది. పెరట్లో దొంగను పెట్టుకుని మూడేళ్లు దానికి అన్నం పెట్టి, ఇంటావిణ్ణి తరిమేసిన ఘనుడు తను. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాడు. తల కొట్టేసినట్టు కూడా అయింది.

"పాత చెట్టు పూర్తిగా పోయినట్టేనా?" అంది భార్య. ఆవిడ నవ్వడం లేదు. ఆ తీపి కోసం ఏటా ఎదురుచూసే మనిషి ఆవిడ.

వెతికితే దొంగ కొమ్మ నీడలో ఒక్క సన్నని పాత కొమ్మ మిగిలి ఉంది. దాని మొదలు దగ్గర బంక కారుతోంది. ఇంకో ఏడాది ఉంటుందో ఉండదో. దాని చివరన రెండు చిన్న పండ్లున్నాయి. భార్య ఒకటి ఒలిచి తొన నోట్లో వేసుకుంది. ఇదే, ఇదేనంది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

ఆ చెట్టును నిలబెట్టాలంటే దారొకటే. కొమ్మ బతికుండగానే దాని కళ్లు, అంటే చిగురు వచ్చే మొగ్గలు, తీసి లేత మొక్కలకు అతికించాలి. ఆ కొమ్మంతా గాలిస్తే పనికొచ్చే కళ్లు మూడే దొరికాయి. కూతురు అడుగు మొక్కలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

పెద్దాయన కత్తి తీశాడు. మొదటి కంటి దగ్గరకు తెచ్చాడు. చెయ్యి వణికింది. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. రెండూ వణికాయి. ఎండను తిడదామంటే తాము నీడలో ఉన్నారు. ఈ మూడు కళ్లూ పాడైతే మళ్లీ దొరకవు.

"తీసుకో," అన్నాడు కత్తి పిడి కూతురి వైపు తిప్పి. "పందెం ఓడానని కాదు. నా వల్ల కాదు, అందుకే."

కూతురు కత్తి అందుకుంది. "అయితే మొక్క నువ్వు పట్టుకో నాన్నా, కదలకుండా."

అంటు కట్టడానికి మొక్కను పట్టుకునే రెండో మనిషి అక్కర్లేదని ఆయనకు తెలుసు. ఎన్నో వేల అంట్లు ఒంటరిగా కట్టినవాడు. అయినా బల్లకు అవతలి వైపు కూర్చుని రెండు చేతులతో కాండం పట్టుకున్నాడు. వణుకు చేతుల్లోంచి మొక్కలోకి పాకింది. ఆకులు సన్నగా కదిలాయి. కూతురు కత్తి ఎత్తి ఆగింది. తొందరపెట్టలేదు. వణుకు వస్తుంది, పోతుంది, మధ్యలో కాస్త సందు దొరుకుతుందని ఆమెకు ముందే తెలిసినట్టుంది. ఆ సందులో బెరడును చీల్చి, కన్ను లోపలికి దూర్చింది. తర్వాత రెండో మొక్కను జరిపి ఆయన చేతుల మధ్య పెట్టింది.