బొటనవేలంత గాలి

నేను ఒక కంప్యూటర్ పెట్టెను. షాపులవాళ్ళు కేబినెట్ అంటారు. ఇప్పుడు నా కడుపులో కంప్యూటర్ లేదు. ఒక గాజుబుడ్డి ఉంది, దాన్నిండా నీళ్ళు, అడుగున ఎర్రటి మైనం. బుడ్డి కింద బల్బు వెలిగిస్తే గంటకు గాని మైనం కదలదు. కదిలిందంటే మాత్రం ముద్దలు ముద్దలుగా లేచి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ కిందికి దిగుతుంది. దాన్ని లావా దీపం అంటారట. అగ్నిపర్వతాన్ని నేను చూడలేదు. గుంటూరు ఎండలు చూశాను, ఈ జన్మకు అవి చాలు.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. రేకు కోశారు, వంచారు, నల్లరంగు కొట్టారు, ఓడెక్కించారు. నా మొదటి ఉద్యోగం గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో. ఆరేళ్ళు బల్లకిందే కాపురం. మిరపఘాటంతా నా ఫ్యానులోంచి లోపలికి పోయేది. తుమ్ముదామంటే ఆ యోగం లేదాయె. గుమాస్తా గారు నామీద కాళ్ళు పెట్టుకునేవారు. వచ్చినవాళ్ళందరూ బల్లమీద వెలిగే తెరనే చూసి, "అబ్బో, కంప్యూటరు" అనేవారు. లెక్కలన్నీ కింద నా కడుపులో జరుగుతున్నాయని ఒక్కడికీ పట్టలేదు. మనుషులంతే. వెలిగే ముఖంతోనే మాట్లాడతారు.

కొట్టులో కొత్త కంప్యూటర్లు వచ్చాక నేను ఫణీంద్ర చేతికొచ్చాను. అతను పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నోరు మంచిది, ఓపికే తక్కువ. కొత్తగా స్టూడియో తెరవబోతూ నన్ను కడిగి, పక్క రేకు కోసి, అద్దంలాంటి ప్లాస్టిక్ పలక బిగించాడు. పుట్టాక మొదటిసారి నా కడుపులోకి వెలుతురు వచ్చింది. సిగ్గేసిందంటే నవ్వుతారేమో.

అది చాలలేదు ఫణీంద్రకు. నన్ను చంకన పెట్టుకుని కొత్తపేట సందులో ఏసుపాదం కొట్టుకు తీసుకెళ్ళాడు.

"బాబాయ్, ఇందులో ఒక లావా దీపం పెట్టాలి. పెళ్ళోళ్ళు వచ్చి వీడియో చూసుకునేటప్పుడు కళ్ళు పక్కకి తిప్పకూడదు."

"వీడియో మీంచా, దీపం మీంచా?"

"దీపం మీంచే. వీడియోలో తప్పులుంటయ్ గదా బాబాయ్!"

ఏసుపాదం నవ్వాడు. నవ్వి చాలా రోజులైన నవ్వు అది. చివర దగ్గయిపోయింది.

ఈ ఏసుపాదం గురించి చెప్పాలి. నియాన్ గొట్టాలు వంచేవాడు. ఒకప్పుడు గుంటూరులో సినిమాహాళ్ళ పేర్లు, బట్టలకొట్ల పేర్లు ఎర్రగా, నీలంగా వెలిగాయంటే అందులో సగం ఆయన చేతివే. గాజుగొట్టాన్ని మంటమీద మెత్తబెట్టి అక్షరంలా వంచడం, పంపుతో లోపలి గాలంతా లాగేసి, కొంచెం గ్యాసు నింపి మూతి ముయ్యడం. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఒకడు వంచుతూ ఊదాలి, ఇంకొకడు రెండో కొస పట్టుకోవాలి. ఆ రెండో మనిషి సుభానీ. ఇరవై రెండేళ్ళు ఎదురెదురు స్టూళ్ళమీద కూర్చుని ఒకే గొట్టం చెరో కొసా పట్టుకున్నారు.

తర్వాత ఎల్‌ఈడీ బోర్డులొచ్చాయి. సినిమాహాలువాళ్ళు పాత అక్షరాలు దించెయ్యమన్నారు. ఇద్దరూ కలిసి వంచిన ఆ ఎర్ర అక్షరాలను సుభానీయే నిచ్చెనెక్కి దించి, ఆ చోట ఎల్‌ఈడీ పట్టీలు బిగించాడు. ఏసుపాదం రోడ్డుమీద సైకిలాపి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాలుగేళ్ళయింది. సుభానీ సందులో ఎదురుగానే ఎల్‌ఈడీ కొట్టు పెట్టాడు. ఏసుపాదం కొట్టులో రెండో స్టూలు అలాగే ఉంది, పైన పాత పేపరు పరిచి.

దీపం పని ఏసుపాదం ఒంటరిగానే మొదలుపెట్టాడు. రెండో కొసను ఇనప స్టాండుకు తీగతో కట్టాడు. తీగకేం తెలుసు, ఎప్పుడు వదలాలో? రెండు బుడ్డీలు వంకరపోయాయి. మూడోది కుదిరింది. రంగు కలిపిన మైనం వేశాడు, ఉప్పునీళ్ళు పోశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు ప్రకారం పంపు పెట్టి ఆఖరి బుడగదాకా గాలి లాగేసి, ఇంకాసిన్ని నీళ్ళు నింపి, మంటతో మూతి మూసేశాడు.

"ఒక్క బుడగ చూపించు, చెవి కోసిస్తా" అన్నాడు నాతో.

నాతో మాట్లాడటం అప్పటికే అలవాటైంది ఆయనకు. వేరే ఎవరున్నారు?

శుక్రవారం పొద్దున బుడ్డిని నాలో బిగించాడు. అడుగున పాతకాలం బల్బు, పక్క అరలో ఫణీంద్ర కంప్యూటర్ బోర్డు. తర్వాత నన్ను ఎత్తి గుమ్మం దగ్గర బల్లమీద పెట్టాడు. ముందు గోడవైపు తిప్పాడు. కాసేపు చూశాడు. మెల్లగా రోడ్డువైపు తిప్పాడు. నా అద్దంలో సరిగ్గా సుభానీ కొట్టు పడింది. నాకప్పుడు అర్థమైంది. ఈ దీపం ఫణీంద్ర కోసం కాదు, పెళ్ళివాళ్ళ కోసం అసలే కాదు. ఆ ఎదురు మనిషి ఒక్కసారి తలెత్తాలి. ఎత్తి, రోడ్డు దాటాలి.

గంటకు మైనం లేచింది. అబ్బ, ఏం లేవడం! ఇస్త్రీబండి ఆయన వచ్చి చూశాడు. ఆటోవాళ్ళు ఆగి చూశారు. సుభానీ మాత్రం తల వంచుకుని పని చేసుకుంటూ, మధ్యాహ్నం షట్టరు దించి, టోపీ పెట్టుకుని నమాజుకు వెళ్ళిపోయాడు. ఏసుపాదం బల్బు ఆర్పలేదు. తిరిగొచ్చేటప్పుడైనా చూస్తాడని.

సుభానీ సందు మొదట్లోకి వచ్చేసరికి నా కడుపులో "టిక్" మంది. చిన్న చప్పుడే. మరుక్షణం బుడ్డి నిలువునా చీలి, ఉప్పునీళ్ళూ వేడి మైనమూ బోర్డుమీద పడ్డాయి. చిటపటలు, పొగ. ఏసుపాదం ప్లగ్గు పీకి అలాగే నిలబడిపోయాడు.

ఆ చప్పుడు రోడ్డుమీద ఇంకెవరికీ వినపడి ఉండదు. గాజుతో బతికినవాడికి వినపడింది. సుభానీ తన కొట్టువైపు తిరగలేదు. నేరుగా రోడ్డు దాటి వచ్చాడు.

"గాలి వదల్లేదంట్రా?"

నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"గాలి వదలడమేందిరా? మనం జన్మంతా గాలి తీసినోళ్ళం గదా."

"ఓర్నీ! అది నియానురా పాదం. ఇది నీళ్ళు. కాగితే ఉబ్బవా? సోడాబండోడు గూడా కాయలో నిండా పొయ్యడు, మెడ దగ్గర ఖాళీ వదులుతాడు. వాడి పాటి తెలివి లేకపోయెనే నీకు!"

ఏసుపాదం తిట్టబోయాడు. నోరు తెరిచేసరికి నవ్వొచ్చింది. ఇద్దరూ ఆ తడిలో నిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. కబురందుకుని వచ్చిన ఫణీంద్ర తల పట్టుకుని, "నా బోర్డు కాలిపోతే మీకు నవ్వులాటగా ఉందా బాబాయ్!" అని మొత్తుకున్నాడు. వీడియోలు దాచే డిస్కు ఇంకా బిగించలేదు కాబట్టి బతికాడు. లేకపోతే ఎవరి తాళి ఎవరి వీడియోలోకి పోయేదో.

సుభానీ స్టూలుమీది పేపరు తీసి కూర్చున్నాడు. మంట వెలిగింది. ఏసుపాదం రబ్బరు గొట్టం నోట పెట్టుకుని ఊదబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ఇటియ్యి. నువ్వు తిప్పు, నేను ఊదుతా" అన్నాడు సుభానీ.

ఈసారి బుడ్డి మెడ దగ్గర బొటనవేలంత ఖాళీ వదిలారు. మంటమీద మూతి ముడుచుకునేటప్పుడు మెత్తబడ్డ గాజు లోపలికి కుంగిపోకుండా సుభానీ గొట్టంలోంచి మెల్లగా ఊదుతూనే ఉన్నాడు. ఏసుపాదం మూతి మూసేశాడు. ఆ ఊపిరి లోపలే ఉండిపోయింది.

వెళ్ళబోతూ సుభానీ తన కొట్టులోంచి ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. అందులో పది పాతకాలం బల్బులు.

"ఎల్‌ఈడీ బల్బు పెట్టమాక. వెలుగుద్దిగాని వేడెక్కదు. నీ మైనం లేవదు."

"నువ్వే చెప్పాలి ఆ మాట" అన్నాడు ఏసుపాదం. సుభానీకి తగలాల్సిన చోటే తగిలింది. అయినా నవ్వి వెళ్ళాడు.

కొత్త బోర్డు బిగించుకుని నేను ఫణీంద్ర స్టూడియోలో ఐదేళ్ళున్నాను. పెళ్ళిళ్ళన్నీ నా కడుపులోంచే వెళ్ళాయి. మొదట్లో అందరూ దీపాన్ని చూసేవారు, తర్వాత ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నారు. బల్బు మాడినప్పుడల్లా ఫణీంద్ర ఏసుపాదం అట్టపెట్టెలోంచి ఒకటి తెచ్చి మార్చేవాడు, తర్వాత అదీ మానేశాడు. మైనం అడుగున గడ్డకట్టింది. చల్లబడ్డ లావా దీపమంత ఒంటరి వస్తువు ఇంకోటి ఉండదు. చూసినవాళ్ళు పచ్చడిసీసా అనుకుంటారు.

చివరికి ఫణీంద్ర కొత్త కంప్యూటర్ కొనుక్కుని, నా లోపలివన్నీ ఊడబీకి, నన్ను మళ్ళీ కొత్తపేట సందుకు తెచ్చాడు. ఎదురు షట్టరు దించి ఉంది. దానిమీద తుప్పు.

"పాతినుపోడు ఈ నీళ్ళబుడ్డితో తీసుకోనన్నాడు బాబాయ్. పగలగొట్టిస్తే రేకు తీసుకుంటాడంట. నీ సుత్తి ఒకసారియ్యి."

"ముట్టుకోమాక."

"నీళ్ళూ మైనమేగా అందులో?"

"పైన ఖాళీ ఉంది చూడు."

"ఖాళీయేగా బాబాయ్."

"ఆ. అదే. ఉంచు."

ఫణీంద్రకు అర్థం కాలేదు. నన్నక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి సంగతులు ఏసుపాదం నోటే విన్నాను. సుభానీ ఆ శుక్రవారం తర్వాత ప్రతి శుక్రవారం నమాజు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేవాడట. ఆ స్టూలుమీదే కూర్చునేవాడట. కిందటి వానాకాలం జ్వరమొచ్చింది. నాలుగు రోజులు. అంతే. "నాలుగేళ్ళు మాట్లాడకుండా పారేసుకున్నానే" అన్నాడొకసారి నాతో. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అట్టపెట్టెలో ఇక మూడు బల్బులున్నాయి. అలాంటివి ఇప్పుడు బజార్లో దొరకడం లేదట. అందుకే రోజూ కాదు, శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే నన్ను వెలిగిస్తాడు. గంటసేపు ఏమీ జరగదు. ఆయన ఎదురు స్టూలు తుడిచి, తన స్టూలుమీద కూర్చుంటాడు. మైనం మెల్లగా లేస్తుంది. ఆ బొటనవేలంత ఖాళీ అంచుదాకా వెళ్ళి, గడప దగ్గర ఆగిన మనిషిలా కాసేపు ఆగి, వెనక్కి దిగుతుంది.

సందులో నీడ పడ్డాక ఆయన స్విచ్చిమీద చెయ్యి వేసి, "ఇక కట్టేద్దామంట్రా?" అని అడుగుతాడు.

నన్ను కాదు. నాకు తెలుసు.