అరచేతి తూకం

ఆదోని పత్తి మార్కెట్ యార్డు ఎదురుగా నాకు వాచీల బంకు ఉంది. ఇప్పుడు చేసేదల్లా సెల్లులు మార్చడం, బెల్టులు వేయడం. అందరూ ఫోనులో టైము చూసుకునే కాలంలో నా పనితనం ఎవడికి కావాలి? ఆ మంట నాలో ఎప్పుడూ ఉంటుంది.

యార్డులో వ్యాపారులు మూటలోంచి చారెడు పత్తి పీకి, వేళ్ల మధ్య సాగదీసి ధర చెప్పేస్తారు. వాళ్లను చూసి చూసి నాకూ ఒక అలవాటు వచ్చింది. వాచీని అరచేతిలో ఒకసారి ఎగరేస్తాను. బరువుంటే అసలు, తేలికైతే నకిలీ. వెంకటేశులు మూత విప్పకుండానే చెప్పేస్తాడని నాకు పేరు. ఏడో తరగతిలో చదువు మానేసినవాడికి ఆ పేరే సర్టిఫికెట్టు.

పోయిన నెల ఒక మంగళవారం యేసేపు వచ్చాడు. ఎమ్మిగనూరు హమాలీ. పత్తి లారీతో వచ్చి, మూటలు దించి, తల మీద పత్తి పోగులతోనే నా ముందు నిలబడ్డాడు. చేతిగుడ్డలో చుట్టిన వాచీ తీశాడు.

"అన్నా, చైను లూజుగుంది. రెండు లింకులు తీసెయ్యాల."

మబ్బు రంగు వాచీ. మెరుపు లేదు. వెనక మూత మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఎగరేశాను. చేతిలో ఏమీ లేనట్టే ఉంది.

"ఎవరిచ్చినారు?"

"నా కూతురు రాధిక. కర్నూల్లో నర్సు. స్టీలు వాచీ కడితే సెమటకు నా సెయ్యి పుండయితాదని, ఇది యెతికి తెచ్చింది. దినామూ కట్టుకోవచ్చంట, మూటలు మోసేటప్పుడు గూడా. మొదటి జీతం దీనికే పెట్టిందన్నా."

ఆ మాట చెబుతూ అతను నవ్విన నవ్వు నేను ఓర్చుకోలేకపోయాను. నాకు ఎవరూ ఏదీ కొనివ్వలేదు. బంకు ముందు బల్ల మీద టీ బంకు పౌలు, ఆటో ఎర్రిస్వామి కూర్చుని ఉన్నారు. వాళ్లకు వినబడాలనే గొంతు పెంచాను.

"ఇది సత్తు వాచీ యేసేపూ. అన్నం గిన్నె కరగబోసి చేసినారు. తోపుడు బండి మీద మూడు నూర్లకిస్తారు. మిగతా జీతం యాడ పెట్టిందో నీ కూతుర్నే అడుగుపో."

పౌలు పగలబడి నవ్వాడు. "పోనీలే, రేపు దాంట్లోనే సంగటి కెలుక్కో!" అన్నాడు ఎర్రిస్వామి.

"నా పాప అబద్దం సెప్పదప్పా," అన్నాడు యేసేపు. గొంతు మాత్రం తగ్గిపోయింది. వాచీని మళ్లీ గుడ్డలో చుట్టుకుని, లింకులు తీయించుకోకుండానే వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత గురుదత్ గారు వచ్చారు. మంత్రాలయం వైపు బడిలో సైన్సు చెబుతారు. సెల్లు వేయమని మబ్బు రంగు వాచీ ఇచ్చారు. ఎగరేశాను. అదే తేలిక. నోరు తెరిచేలోగా ఆయనే అన్నారు.

"టైటానియం, వెంకటేశులూ. స్టీలు కంటే చాలా తేలిక. చెమటకు తుప్పు పట్టదు, దురద పెట్టదు. చేతికి ఉన్నట్టే తెలియదు. అందుకే రోజూ ఇదే."

కంటికి భూతద్దం పెట్టుకుని వెనక మూత చూశాను. యేసేపు వాచీ మీద చూసిన అక్షరాలే. ఆ రోజు చదవడం రాక, రాదని చెప్పుకోలేక, తిప్పేశాను. సెల్లు వేస్తుంటే స్క్రూ రెండుసార్లు జారింది.

మర్నాడు బంకు మూసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. శనక్కాయల గోడౌను దగ్గర యేసేపు దొరికాడు. మణికట్టు ఖాళీగా ఉంది.

"వాచీ యాడప్పా?"

"పెట్టెలో పారేసినా. ఆదివారం పాప వచ్చింటే, నువ్వు సెప్పినట్టే అడిగినా, మిగతా దుడ్డు యాడ పెట్టినావని. కంచం ముందర నుంచి లేసి పోయింది. ఇప్పుడు నా ఫోను ఎత్తదు."

"అది అసలైన వాచీనే. తెలీక కూసినాను. తప్పు నాదే."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నా ఫోనయితే ఎత్తదు. నీ దాంట్లోంచి సెయ్యి. నువ్వే సెప్పు," అన్నాడు.

రాధిక ఎత్తింది. అంతా చెప్పాను. విని అడిగింది, "ఎవరి ముందర అన్నారు ఆ మాట?"

"బల్ల మీద ఇద్దరు ఉండిరి తల్లీ."

"మా నాయనను పక్కన నిలబెట్టుకుని, వాళ్లిద్దరికీ ఇప్పుడు నాకు సెప్పినట్టే సెప్పండి. ఫోను మా నాయనకియ్యండి."

మంగళవారం యేసేపు వాచీ తీసుకుని లారీతో వచ్చాడు. రెండు లింకులు తీశాను. నిలబడి, పౌలూ ఎర్రిస్వామీ వింటుండగా చెప్పాను. "ఇది సత్తు కాదు. ఈయన కూతురు నిజమే చెప్పింది. వెనకున్నది చదవడం రాక అబద్ధం కూసింది నేను."

"మూత ఇప్పకుండానే సెప్తావంటివే అన్నా!" అన్నాడు పౌలు. ఈసారి నవ్వు నా మీద. యేసేపు నవ్వలేదు. చెయ్యి చాచాడు. వాచీ కట్టాను. మణికట్టు విదిలించి చూసుకుని, యార్డులోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నమంతా ఎండలో మూటలు మోశాడు. బంకు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చెమటలో ఆ మబ్బు రంగు కనిపించేది. ఒకసారి ఆగి టైము చూసుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.