ఆఖరి సీను చూడనివాడు

ఆట మొదలైపోయినా జనం ఇంకా ఒకరొకరే వస్తున్నారు. అతను టార్చి వెలుతురును నేల మీద పరుస్తూ వాళ్ళను వరసల్లోకి దారి పట్టిస్తున్నాడు. వెలుతురు కాళ్ళ మీదే పడాలి, మొహం మీద పడకూడదు. అది ఆ సినిమాహాలు నియమం. అందుకే అతనికి తెలిసిన మొహాల కంటే చెప్పులే ఎక్కువ.

ఆవిడ చెప్పులు వచ్చాయి. నల్లవి, కుడిదానికి తెల్లదారంతో కుట్టు. అతని గుండె దడదడలాడింది. అరవైకి దగ్గరపడ్డ గుండెకు సిగ్గుండక్కర్లేదూ!

ఆడుతున్న సినిమా, వయసు మళ్ళిన ఇద్దరు ఒంటరివాళ్ళ ప్రేమకథ. జనానికి ఎక్కలేదు, రేపే తీసేస్తున్నారు. ఆవిడ మాత్రం రోజూ వస్తుంది, రోజూ ఆఖరి సీనుకు ముందే లేచి వెళ్ళిపోతుంది.

ఆఖరి సీనుకు అతనూ నోచుకోలేదు. ఆట ముగిసేలోపే వెళ్ళి తలుపుల గడియలు తీయాలి మరి. అక్క పెళ్ళి చేశాడు, తమ్ముళ్ళకు దారి చూపించాడు. తన పెళ్ళి సంగతి వచ్చేసరికి అడిగే దిక్కు లేకపోయింది. హాల్లోనే జుట్టు నెరిసింది.

ఇవాళ నోరు తెరవకపోతే ఆ చెప్పులు మళ్ళీ కనిపించవు. పొద్దున్నుంచీ ధైర్యం కూడదీసుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ లేచి వచ్చింది. రోజూ తల దించుకుని తలుపు తీసేవాడు, ఇవాళ తలెత్తాడు. అలసిన కళ్ళు, చెంప మీద చిన్న మచ్చ.

"ఆఖరి సీను చూడరేమండీ?"

ఆవిడ తెర వైపు ఓసారి తిరిగి చూసింది. "ఎలాగూ కలుస్తారు కదండీ. అది చూసి ఇంటికెళ్ళి, నా తాళం నేనే తీసుకోవడం నావల్ల కాదు."

అతను కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నేనైతే ఏ సినిమాకీ చూడలేదండీ" అన్నాడు. "ఇవాళ చూద్దామా?"

"మరి తలుపులు?"

"ఈ ఒక్కరోజుకి వాళ్ళే తీసుకుంటారు."

ఆవిడ నవ్వి వెనక్కి తిరిగింది. వెనక వరసలో పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద ఆ ఇద్దరూ కలిశారు. అతను కళ్ళు తుడుచుకున్నాడు, ఆవిడ చూడనట్టు ఊరుకుంది.

లైట్లు వెలిగాయి. జనం సణుక్కుంటూ గడియలు తామే తీసుకున్నారు. వీధిలోకి వచ్చాక, ఇంటిదాకా తోడు రమ్మంటారా అని అతను అడిగాడు. ఆవిడ సంచిలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

మేనేజరు కేకలేసుకుంటూ వచ్చేసరికి గుమ్మం పక్క స్టూలు మీద టార్చి ఒక్కటే ఉంది, వెలిగింది వెలిగినట్టే, ఖాళీ నేల మీద వెలుతురు పరుస్తూ.