పచ్చనిదే ఏరిన చేయి

రాజరత్నం సూదిని స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చి, అది చల్లారేదాకా మనసులో ఇరవై లెక్కపెట్టుకున్నాడు. గాజు గొట్టంలో పెరిగిన ట్రైకోడెర్మా బూజు ఎక్కడ నిండుగా, పచ్చగా ఉందో చూసి, గోరంత ముక్క తీసి కొత్త గొట్టంలో పెట్టాడు. మూతికి దూది బిగించాడు. తాడేపల్లిగూడెం దగ్గరి ఆ ల్యాబులో పదకొండేళ్లుగా నెలనెలా ఇదే పని. సైంటిస్టులు ముగ్గురు మారారు గానీ అటెండరు మాత్రం ఆయనే.

ఆ బూజు చింతలపూడి కోకో తోట మట్టిలో దొరికింది. ఒంట్లోంచి పెప్టైడ్ అనే మందు ఊరించి, కాయకుళ్లు తెగులును దగ్గరికి రానిచ్చేది కాదు. ల్యాబుకు ఎవరొచ్చినా గొట్టం ఎత్తి చూపించి, “మావాడేనండీ” అనేవాడు రాజరత్నం. భార్య రత్నకుమారి పోయాక ఆయన మురిపెమంతా దానిమీదే, పాపం.

ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. నాలుగింటికి శాలువా కప్పుతారట.

పదకొండింటికి రీసెర్చి చేసే కెజియా వచ్చి స్టూలు మీద కూలబడింది. నాలుగేళ్ల థీసిస్ ఆ మందు మీదే. కళ్లనిండా నీళ్లు.

“మందు చేసే జన్యువు చెక్కుచెదరలేదు బాబాయ్ గారూ. మందే ఊరట్లేదండీ. తెగులొచ్చి దీని నెత్తినెక్కి కూర్చుంటోంది.”

“జన్యువుండి కూడా ఎందుకు ఊరదమ్మా?”

“గొట్టంలో శత్రువు లేడు కదండీ. మందు చేసేవి బలమంతా దానికే ఖర్చుపెట్టి బక్కగా ఉంటాయి. చెయ్యనివి ఏపుగా పెరుగుతాయి. ఎప్పుడూ ఏపుగా ఉన్నవే ఏరుకుంటూ పోతే...” ఆయన చేతిలో సూది చూసి ఆగిపోయింది.

రాజరత్నం సూది కింద పెట్టేశాడు. పదకొండేళ్లు! ప్రతిసారీ మంచిదని ఏరింది సోమరిపోతునా? ఆయనకు ఏడుపొచ్చింది.

“ముద్దుచేసి నేనే పాడుచేశానమ్మా.”

“మీకెవరూ చెప్పలేదు కదండీ,” అంది కెజియా. కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఫ్రిజ్ అడుగున పాత గొట్టాలున్నాయి. ఎప్పుడో పారేయాల్సినవి, చేతులు రాక దాచుకున్నాడు. ఐదేళ్లనాటి గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పచ్చదనం పక్కన వెలవెలబోయిన సన్నటి చార కనిపించింది. ఆయన సూది ఎన్నడూ అటు వెళ్లలేదు. ఆ చారలోంచి ఓ ముక్క తీసి ప్లేటులో ఒక పక్కన పెట్టాడు, రెండో పక్కన కాయకుళ్లు తెగులు ముక్క పెట్టి, వెచ్చటి ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంచాడు. కెజియాతో చెప్పలేదు. ఆశ పెట్టుకుని మళ్లీ ఏడిస్తే చూడలేడు.

శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఐదున్నరకు గుండుగొలను బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. దారంతా మనసు ల్యాబులోనే ఉంది.

ఐదో రోజు కెజియా ఇంక్యుబేటర్ తెరిస్తే తనది కాని ప్లేటొకటి కనిపించింది. తెగులు అందులోని బూజుకు వేలు వెడల్పు దూరంలోనే ఆగిపోయి ఉంది. ఆ పిల్ల ప్లేటును వెలుతురుకు పట్టింది. మూత మీద మార్కరుతో రాజరత్నం వంకర అక్షరాలు: “బక్కోడు. నిలబడితే ఇకనుంచి వీణ్నే ఏరండమ్మా.”