గేటు పక్క చిన్న తలుపు

దొరల కాలంలో ఆ బట్టల మిల్లుకు రెండు దారులుండేవి. పెద్ద గేటు దొరలకీ, వాళ్ళ కార్లకీ. పక్కనే గోడలో ఓ చిన్న తలుపు, పనివాళ్ళకి. ఎంత పొట్టివాడైనా నడుం వంచితే తప్ప పట్టడు. కావాలనే అలా కట్టారు, పాపిష్ఠివాళ్ళు.

స్వతంత్రం వచ్చిన రోజున ఓ కుర్ర మెకానిక్కు నలుగురినీ పోగేసి ఆ గేటును ఊడబీకి గోడౌను వెనక పారేశాడు. చిన్న తలుపును ఇటుకలతో మూసేశాడు. గేటు బందుల్లోని లావాటి ఇనప చీలలు రెండూ ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకటి వీధి తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "నా పిల్లలు తలెత్తుకుని లోపలికి పోతారు" అనేవాడు. అన్నట్టే పెద్దకూతురు వెల్డరై అదే మిల్లులో చేరింది. మనిషి పొడుగు. అందరూ నిచ్చెన అంటారు.

మిల్లు సర్కారుదైంది. ఇక మనదే అని మురిసిపోయారు. మంత్రులొచ్చారు, దండలేయించుకుని పోయారు. విడిభాగాలు మాత్రం రాలేదు. మరమగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. వాటితోపాటే నిచ్చెన మొగుడి పనీ పోయింది. చివరికి సర్కారు మిల్లును అమ్మేసింది. కొన్నదెవరనుకున్నారు? ఆ పాత దొరల కంపెనీయే, పేరు మార్చుకుని వచ్చింది.

కొత్త మేనేజరు నిచ్చెనను పిలిచాడు. "పాత గేటు మళ్ళీ పెట్టాలి. చిన్న తలుపూ తెరిపిస్తున్నాం, ఒక్కొక్కళ్ళనే సోదా చేసి పంపొచ్చు. నీ వల్ల కాదంటే చెప్పమ్మా, బయట వెల్డర్లకు కొదవలేదు."

ఆ సాయంత్రం ఆమె కంచం పక్కకు జరిపింది. "చేయనని చెప్పేస్తా నాన్నా" అంది.

"చెప్పి? పిల్లలకేం పెడతావు?" ముసలాయన లేచి, తలుపు దగ్గరి చీల తీసి, పంచెతో తుడిచి ఆమె ముందు పెట్టాడు. "రెండోది మంచం కింద ఉంది. రెండూ తీసుకుపో. ఆ గేటుకు ఇవే సరిపోతాయి."

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం పెరట్లోకి పోయి, తలుపుకు అడ్డం పెట్టడానికో రాయి వెతుక్కొచ్చాడు.

గేటు లేచింది. మర్నాడు మధ్యాహ్నం, కూతురు మర్చిపోయిన క్యారియర్ పట్టుకుని ఆయన మిల్లుకొచ్చాడు.

"చిన్న తలుపులోంచి రా తాతా" అన్నాడు కాపలావాడు.

"నేనిక్కడే ఉంటా. మా అమ్మాయినే పిలువు."

నిచ్చెన పరుగున వచ్చింది. తలుపు ముందు కాస్త ఆగి, ఉన్న పొడుగంతా సగానికి వంచి బయటికి వచ్చింది. లేచి నిలబడేసరికి నాన్న అటు తిరిగి రోడ్డు చూస్తున్నాడు. క్యారియర్ మాత్రం వెనక్కి చాచి పట్టుకున్నాడు.